సిగ్నల్ అవతలి చెరువు

వలలు ఆటో మీద నుంచి దిగకముందే ఖలీల్ వెనక్కి తిప్పమన్నాడు.

కొల్లేటి మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. వలపట్టు మనుషులు లుంగీలు ఎగ్గట్టి గట్టు మీద కూర్చుని, బీడీల చివరి దమ్ము లాగుతున్నారు. ఐసు దిమ్మలు గోనెపట్టాల కింద చుక్కచుక్కగా కారుతున్నాయి. చెరువు కౌలుకు చేస్తున్న వెంకటనరసమ్మ తెల్లారకముందే వచ్చి, మేత సంచులు కట్టిన వెదుళ్ళు వలకి అడ్డం పడకుండా పీకించి ఓ పక్కన పేర్పించింది. అంతా సిద్ధం. సిద్ధంగా లేనిదల్లా ఖలీల్ ముఖమే.

"ఏవండీ, దింపరేం? ఎండెక్కితే చేప నలిగిపోద్ది," అందామె.

"చేప పట్టుబడి లేదమ్మా ఈరోజు."

"అదేంటండీ?"

ఖలీల్ బండికి స్టాండు వేశాడు. పెద్ద డ్రెయిను వంతెన మీద ఉండగా వచ్చింది ఫోను. ఆ వంతెన దాటితే సిగ్నల్ ఉండదు కాబట్టి అక్కడే ఆగి మాట్లాడాడు. హైదరాబాదులో పెద్ద షాపులకి చేప కొనే కంపెనీ మనిషి రెండు ముక్కల్లో తేల్చేశాడు: ఆ చెరువులో మందు పెట్టారని మీరు పంపే పేజీలోనే ఉంది, ఆ చేప మాకొద్దు.

"మీ చెరువులో మందు పెట్టారని ఉందమ్మా," అన్నాడు ఖలీల్. గొంతు తగ్గించే అన్నాడు గాని గట్టు మీద మాట నీళ్ళ మీదుగా దూరం పోతుంది. వలపట్టు మనుషులు బీడీలు పారేశారు.

"మందా? పేను పట్టిన చెరువుకి పెడతారు మందు. నా చేపకి పేనెక్కడిదండీ? దాసుని అడగండి. మొన్న నా ముందే గదా ఫోన్లో నొక్కాడు."

క్రీస్తుదాసు ఐసు దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఖలీల్ ఏలూరులో చేపల షెడ్డు పెట్టిన దగ్గర్నుంచి చెరువుల మీద తిరిగే మనిషి అతనే. విసురు వల వేసి నాలుగు చేపలు పైకి తీసి, మొప్ప ఎత్తి చూసి, శీలావతి రకం ఎంతుంది, బొచ్చె రకం ఎంతుంది, ఎన్ని ట్రేలు దిగొచ్చు అన్నది చెబుతాడు. ఇదివరకు నోటితో చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్లో పేజీ తెరిచి నింపుతున్నాడు. ఆ పేజీలో చివరి ప్రశ్న, నెల లోపల మందు పెట్టారా అని. కింద రెండు బొత్తాలు: అవును, లేదు.

"నేను లేదనే నొక్కానండి," అన్నాడు దాసు.

"పేజీలో అవును అనుంది."

"నా వేలు లేదు మీదే పడిందండి."

"మరి ఫోను అబద్ధమాడిందా దాసూ?"

దాసు జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. పదిమంది ముందు ఫోను అబద్ధమాడిందంటే నవ్వుతారు, ఆడలేదంటే తానే ఆడినట్టు.

వెంకటనరసమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇవాళ మీరు వల తిప్పుకుపోతే రేపు ఏ వల దిగుద్దండీ ఈ చెరువులో? నరసమ్మ చేప మందు చేపంట అని వంతెన కాడ టీ కొట్లో మొదలైతే ఆకివీడు దాకా పాకుద్ది. నీళ్ళలో ఉన్న చేపకి మీరు పేరు పెట్టి పోతున్నారు, తెలుసా?"

ఖలీల్‌కి తెలుసు. తెలిసే బండి తిప్పాడు.

వ్యాపారంలో రెండు చోట్ల రాసిన లెక్క కలవకపోతే రెండింటిలో ఒకటి తప్పు. చెరువు లేదంటోంది, పేజీ అవునంటోంది. ఏలూరు వచ్చేదాకా బండి మీద ఖలీల్ ఇదే తూచాడు. షెడ్డుకు రాగానే ఐసు క్రషరు ఆపించి, కుర్చీలో కూర్చుని, దాసు ఫోను తీసుకుని, ఊరికే ఒక చెరువు పేరు పెట్టి పేజీ నింపాడు. చివర్న లేదు నొక్కాడు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద లేదు అనే వచ్చింది. మళ్ళీ నింపాడు. మళ్ళీ లేదు. ఈసారి అవును నొక్కాడు, అవును వచ్చింది. కాటా సరిగ్గానే ఉంది. అంటే తూచిన చెయ్యి తేడా.

అక్కడితో ఆగలేదు. మేనకోడలి చేత పేజీ కొత్తగా మార్పించిన తర్వాత వచ్చినవన్నీ కిందకి జరిపి చూశాడు. డ్రెయిను అవతల వైపు ఇంకో రెండు చెరువులకీ అవును అని ఉంది. ఆ రైతులు ఇంకా పట్టుబడికి రాలేదు కాబట్టి గొడవ బయటపడలేదంతే. మూడు చెరువులూ ఒకే వైపు. దాసు బావమరిది ఆ వైపే ఆకివీడులో ఇంకో షెడ్డులో పనిచేస్తున్నాడు. ఇక్కడ కాదన్న చేపని అక్కడ చవగ్గా దింపుకోవచ్చు. కలుపుకుంటూ పోతే ఏ లెక్కయినా కలుస్తుంది.

"దాసూ, కొన్నాళ్ళు రాకు," అన్నాడు.

దాసు గుమ్మంలోనే నిలబడ్డాడు. రబ్బరు బూట్ల నిండా గట్టు బురద. లోపలికి వస్తే నేల పాడవుతుందని ఎప్పుడూ అక్కడే నిలబడతాడు.

"రావద్దంటే రానండి. ఈ మాట మాత్రం పెట్టకండి నా మీద."

"నేను పెట్టలేదు. పేజీలో ఉంది."

దాసు మొలతాడుకి కట్టుకున్న షెడ్డు తాళంచెవి విప్పాడు. ముడి తడిసి బిగుసుకుపోయింది. వంగి, పళ్ళతో లాగి విప్పాడు. ఒక్క అడుగు లోపలికి వేసి తాళంచెవి బల్ల మీద పెట్టి, తన ఫోను తీసుకుని దానికి అంటిన పొలుసు ఒకటి గోరుతో గీకి తీసేసి, బూట్ల చప్పుడు వినబడకుండా మెట్లు దిగిపోయాడు.

ఇంట్లో భార్య రహీమా అన్నం వడ్డిస్తూ, "దాసు చేత చేప పంపలేదేం?" అని అడిగింది.

"దాసుని ఆపేశాను."

"దేనికి?"

ఖలీల్ చెప్పాడు. ఆమె కూర గిన్నె మూత పెట్టి, "మీరు చూశారా అతను నొక్కడం?" అంది.

"చూడక్కర్లేదు."

"మరే," అంది రహీమా. ఆ ఒక్క ముక్కలో వాదన ఏమీ లేదు, ఒప్పుకోలూ లేదు.

దాసు లేకపోతే చెరువుల మీదకి పోయే మనిషి లేడు. మర్నాడు ఖలీలే బయలుదేరాడు. వంతెన దగ్గర టీ కొట్లో గ్లాసు పట్టుకునేసరికే మాట మొదలైపోయి ఉంది.

"నరసమ్మ గారి చేప తింటే జ్వరం ముందే తగ్గిపోద్దంట కదండీ, మందు లోపలే ఉంటదని," అన్నాడొకడు. నవ్వులు. ఖలీల్ టీ సగం వదిలేశాడు.

డ్రెయిను అవతల అచ్యుతరావు చెరువు. అతనికి తొందరగా పట్టుబడి కావాలి, నాలుగు రోజులుగా కబురు పెడుతున్నాడు. ఖలీల్‌ని చూసి, "అదేంటి ఖలీల్ గారూ, సేనాపతే కత్తి పట్టుకొచ్చాడు? మీ దాసేడీ?" అన్నాడు.

"ఊరెళ్ళాడు."

"ఊరెళ్ళాడో, ఊరి మీద పడ్డాడో," అని అచ్యుతరావు విసురు వల అందించాడు.

వల భుజానికి వేసుకుని ఖలీల్ విసిరాడు. వల విచ్చుకోలేదు, తాడు ముద్దలా నీళ్ళలో పడింది. రెండోసారీ అంతే. కుర్రతనంలో వేసిన చెయ్యే. కాని దాసు రోజూ చేస్తూ ఉండడంతో తనకి రాదన్న సంగతి ఇన్నాళ్ళూ తెలియలేదు. చివరికి అచ్యుతరావే విసిరి తీశాడు. వలలో శీలావతులు తెల్లగా కొట్టుకున్నాయి. మొప్పలెత్తి చూశారు, ఎర్రగా శుభ్రంగా ఉన్నాయి. పొట్ట కింద వేలు రాశారు, పేను లేదు.

"మందేమైనా పెట్టారా?"

"మందెక్కడిదండీ, తవుడు కొనడానికే ఊపిరాడ్డం లేదు."

ఖలీల్ ఫోను తీశాడు. పైన సిగ్నల్ గీతలు లేవు. పేజీ తెరుచుకుంది. చెరువు పేరు, చేప రకం, ట్రేల అంచనా నింపాడు. చివర్న బొటనవేలితో లేదు నొక్కాడు. ఫోన్లో దాచాం, సిగ్నల్ రాగానే పంపుతాం అని కింద చిన్న అక్షరాల్లో వచ్చింది. అదే తను అడిగి చేయించుకున్న మార్పు.

వంతెన ఎక్కగానే జేబులో ఫోను టింగుమంది. వెళ్ళిపోయిందన్నమాట. మధ్యలోనే బండి ఆపి కంపెనీ మనిషికి ఫోను చేశాడు.

"అచ్యుతరావు గారి చెరువు వచ్చిందా అండీ?"

"వచ్చింది. ఇదీ మందు పెట్టిందే కదండీ. మీ వైపు మందు లేని చెరువు ఉందా అసలు?"

"ఏవన్నారు?"

"అవును అనుంది."

ఖలీల్ ఫోను చెవికి అలాగే పెట్టుకుని తన బొటనవేలి వంక చూసుకున్నాడు. గోటి కింద బురద, పక్కన చేప పొలుసు. ఈ వేలికి బావమరిది లేడు, ఆకివీడులో ఎవరూ లేరు. వంతెన కింద నాచు పక్కకి తోసుకుంటూ చిన్న పడవ ఒకటి పోతోంది. పడవ మీది మనిషి తలెత్తి, "ఏవండీ, ఒంట్లో బాగాలేదా?" అనడిగాడు.

"బాగుంది బాబూ. బాగుంది," అన్నాడు ఖలీల్.

నిజంగానే బాగుంది. మూడు చెరువుల మీదా, ఒక మనిషి మీదా ఉన్న బరువు ఒక్కసారిగా దిగింది. దిగి వచ్చి తన మీద కూర్చుంది. అయినా ఈ బరువు మోయగలిగిందే. తన తప్పయితే దిద్దుకోవచ్చు. దాసు తప్పు చేసి ఉంటే తను దిద్దగలిగేది కాదు.

ఇప్పుడు లెక్క వేరే విధంగా కలిసింది. మూడూ ఒకే వైపు చెరువులు, నిజమే. అది దాసు బావమరిది వైపు కాదు, సిగ్నల్ లేని వైపు. షెడ్డులో కుర్చీలో కూర్చుని నొక్కితే లేదు లేదుగానే వచ్చింది. షెడ్డులో సిగ్నల్ నిండుగా ఉంది మరి. గట్టు మీది కాటాని తీసుకొచ్చి కొట్లో పరీక్ష చేశాడు తను.

షెడ్డుకు పోకుండా ఏలూరు స్టేషన్ దగ్గర బండి పెట్టి, దొరికిన రైలెక్కాడు.

సమ్రీన్ ఖలీల్ చెల్లెలి కూతురు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గోదాముల వెనక వీధిలో మేడ మీద గది. అక్కడి నుంచే ఎవరెవరికో వెబ్ పేజీలు చేసిపెడుతుంది. షెడ్డు పేజీ చేసిందీ ఆమే. కిటికీలోంచి ఉల్లి ఘాటు, లారీల హారన్లు. మేనమామ చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు. చెప్పిందంతా విని ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది.

"సిగ్నల్ లేనప్పుడు నింపారు. సిగ్నల్ వచ్చాక వెళ్ళింది. అంతేనా మామూ?"

"అంతే."

ఫోనుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పేజీ నింపి, లేదు నొక్కింది. మోడ్ తీసేసింది. తెర మీద అవును వచ్చింది. సమ్రీన్ నుదురు కొట్టుకోలేదు, అయ్యో అనలేదు. పెదవి కొరుక్కుంటూ ప్రోగ్రాములో పైకీ కిందకీ వెతికి, ఒక వరుస దగ్గర ఆగి, "ఇక్కడ," అంది.

"నాకర్థమయ్యేటట్టు చెప్పు."

"బ్రౌజర్లో చిన్న అర ఉంటుంది. సిగ్నల్ లేనప్పుడు మీరు నింపింది అందులో దాస్తాను. ఆ అరలో ఏది పెట్టినా అక్షరాలుగానే ఉంటుంది. అంకె పెట్టినా అక్షరాలే, అవును కాదు పెట్టినా అక్షరాలే."

"అక్షరాలైతే ఏం? లేదు అని రాసుంటే లేదనేగా."

"చదివితే మామూ. నా ప్రోగ్రాము దాన్ని చదవలేదు. అరలో ఏదైనా ఉందా, ఖాళీగా ఉందా అన్నదే చూసింది. లేదు అనే ముక్క ఉంది. ఏదో ఒకటి ఉంది కాబట్టి అవును అనేసింది."

"అంటే పెట్టె మూత తియ్యకుండా, బరువుంది కదా అని చేపల లారీ ఎక్కించేసినట్టు. లోపల ఉత్త ఐసే ఉన్నా."

"అదే."

"మరి ట్రేల లెక్క ఏ రోజూ తప్పు రాలేదే?"

"అంకెలు బయటికి తీసేటప్పుడు మళ్ళీ అంకెలుగా మార్చాను. మొదట్లో మార్చకపోతే పది ట్రేలూ అయిదు ట్రేలూ కలిపి నూట అయిదని చూపించింది, రెండూ పక్కపక్కన అతికించి. అది కంటికి కనబడే తప్పు, వెంటనే పట్టుకున్నాను. ఇది అలా కనబడదు. అవును అని వస్తే నిజమేననుకుంటాం." ఆమె చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసింది. "తప్పు నాది. దాసు మామయ్యకి నేను చెబుతాను."

చిన్నప్పుడు ఏలూరు వచ్చినప్పుడల్లా దాసు పడవ ఎక్కించి తిప్పిన పిల్ల. ఆ పిలుపు ఖలీల్‌కి గట్టిగానే తగిలింది.

"గట్టు మీదకెళ్ళి పరీక్ష చేశాక ఇస్తాను, ఆగండి అన్నావు గుర్తుందా? లారీ ఆగదమ్మా అన్నదెవరు?"

సమ్రీన్ కుర్చీ అతని వైపు తిప్పింది.

"సగం నాది. ఆ సగం నువ్వు మోయకు. ముందు దాన్ని బాగుచెయ్యి."

"జేసన్ అని ఒక పద్ధతి ఉంది. పెట్టేటప్పుడు అది అంకో, మాటో, అవునో కాదో తెలిసేటట్టు మూటకట్టి పెడతాను. తీసేటప్పుడు మూట విప్పి, అది ఏ రకమైతే ఆ రకంగానే తీస్తాను. అర ఖాళీగా ఉంటే తనంతట తను ఊహించుకోకుండా మళ్ళీ అడుగుతుంది."

టీ తాగేలోపల మార్చేసింది. ఫ్లైట్ మోడ్‌లో లేదు నొక్కింది, లేదు వచ్చింది. అవును నొక్కింది, అవును వచ్చింది. ఖలీల్ ఫోను లాక్కుని తనూ నొక్కి చూశాడు. అయినా లేస్తూ అన్నాడు:

"ఇది గూడెం మేడ మీద పరీక్ష. అసలు పరీక్ష వంతెన అవతల."

కంపెనీ మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం సుళువుగానే అయింది. పేజీలో తప్పుంది, ఆ చెరువుల చేప మీరే తీసుకెళ్ళి పరీక్ష చేయించుకోండి అన్నాడు. చేయించారు. మందు ఆనవాలు లేదని వచ్చింది. వ్యాపారస్తుడికి వ్యాపారస్తుడితో తప్పు ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు. ఇద్దరికీ రేపటి లారీ ఉంటుంది.

దాసు ఇంటికి వెళ్ళడమే కష్టమైంది. దాసు వాకిట్లో చిరిగిన వలకి ముడులు వేస్తున్నాడు. ఖలీల్‌కి కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, మళ్ళీ కూర్చుని వల అందుకున్నాడు. ఖలీల్ వంతెన మీద జరిగిందీ, గూడెంలో తేలిందీ మొత్తం చెప్పాడు. చెప్పి, తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు.

దాసు ఒక ముడి పూర్తి చేసి, దారం తెంపాడు.

"సమ్రీనమ్మ ఫోను చేసిందండి. ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను."

"రేపటి నుంచి వచ్చెయ్యి దాసూ. ఈ నాలుగు రోజుల జీతం కూడా..."

"జీతం సంగతి కాదండీ." దాసు వల మడత పెట్టాడు. "ఇక్కడ, నా వాకిట్లో చెబుతున్నారు. నా వాకిట్లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు."

ఖలీల్ గ్లాసు కింద పెట్టాడు. ఏ కాటా దగ్గర తక్కువ తూగిందో ఆ కాటా దగ్గరే సరిచెయ్యాలి. తను ఎన్నిసార్లో చేపల వాళ్ళకి చెప్పిన మాటే అది.

"నరసమ్మ గారి గట్టు మీద," అన్నాడు. "వలపట్టు మనుషులందరి ముందూ. సరేనా?"

దాసు తాళంచెవి తీసుకుని మొలతాడుకి ముడేశాడు.

మళ్ళీ పట్టుబడి పెట్టుకున్న రోజు పొగమంచు లేదు. దాసు ముందే వచ్చి చెరువు చూసి, పేజీ కొత్తగా నింపాడు. వెంకటనరసమ్మ ఈసారి వెదుళ్ళు పీకించలేదు. గట్టు మీద నిలబడి, చేతులు కట్టుకుని, "ముందు చెప్పండి, పీకాలో వద్దో," అంది.

ఖలీల్ చెప్పాడు. పెద్ద మాటలేం వాడలేదు. పేజీ తప్పు చెప్పింది, నేను పేజీని నమ్మాను, దాసు లేదనే నొక్కాడు, మీ చెరువులో మందు లేదు. అదే మాట వచ్చేటప్పుడు టీ కొట్లో కూడా చెప్పి వచ్చాను అన్నాడు. వలపట్టు మనుషుల్లో పెద్దవాడు, "మరి ఆ రోజు వృథాగా పోయిన మా కూలో?" అన్నాడు. ఖలీల్ ఇస్తానన్నాడు. వెంకటనరసమ్మ, "ఇన్నాళ్ళ మేతో?" అంది.

"అదీ నాదే."

"అయితే చేప బరువెక్కింది కూడా మీ మేతతోనేనన్నమాట. అది మాత్రం నాదే," అని నవ్వి, వెదుళ్ళు పీకమంది.

వల దిగింది. మనుషులు రెండు వైపులా నీళ్ళలో గుండెల దాకా దిగి, కాళ్ళతో వల అడుగు తాడు తొక్కుకుంటూ, ఒక్క లయలో ముందుకి నడిచారు. వల దగ్గరయ్యేకొద్దీ నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. ఒక బొచ్చె వల మీదుగా ఎగిరి అవతల పడింది. "అది మందు తిన్నదండోయ్," అన్నాడొకడు. ఈసారి వెంకటనరసమ్మ అందరి కంటే గట్టిగా నవ్వింది. దాసు గట్టు మీద కూర్చుని రకాలు వేరుచేస్తూ, ఒక వరుస చేప, ఒక వరుస ఐసు, ట్రేలు నింపించాడు. అతని చెయ్యి పడితే చేప తలలన్నీ ఒకే వైపు ఉంటాయి.

చేపల లోడు ఎక్కించిన ఆటో ముందు, దాని వెనక ఖలీల్ బండి, బండి మీద దాసు. వంతెన ఎక్కాక ఖలీల్ ఆపాడు. డ్రైవరు కూడా ఆగి, తల బయటికి పెట్టి, "ఏమైందండీ?" అన్నాడు.

"ఆగు."

జేబులో ఫోను టింగుమంది. దాసు నింపింది వెళ్ళిపోయింది. ఖలీల్ తన ఫోను తీసి పేజీలో వచ్చింది చూశాడు. వెంకటనరసమ్మ చెరువు, శీలావతి, బొచ్చె, ట్రేల లెక్క. చివర్న, లేదు.

ఊపిరి పీల్చుకుని, ఫోను వెనక్కి చాపి దాసు ముఖం ముందు పెట్టాడు. "చూడు దాసూ. లేదు అని వచ్చింది."

దాసు చూడలేదు. బండి దిగి ముందుకెళ్ళి, గాలికి ఎగురుతున్న గోనెపట్టా కొస పట్టుకుని లోడు మీద సరిచేశాడు.

"నాకెందుకండీ చూపించడం," అన్నాడు. "నాకు ఆ రోజే తెలుసు కదా. పోనివ్వండి, ఐసు కారిపోతోంది."